నర్మభాషణం అంటే నవ్వులాటా, రహస్యమా?

పెన్నగట్టు
మా పాప పదో తరగతి. మొన్న తెలుగు పరీక్షలో 'నర్మభాషణం' అనే మాటకు అర్థం రాయమన్నారు. 'పరిహాసపు మాట' అని రాసింది. టీచర్ దాన్ని కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో 'రహస్యంగా మాట్లాడటం' అని దిద్దారు. ఒక మార్కు పోయింది.

మార్కు గురించి నాకు టెన్షన్ లేదు. ఆ అర్థం పాపకు చెప్పింది నేను. నాకు చెప్పింది మా నాన్న. మూలాపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పోతన భాగవతంలో చల్దుల పద్యం నేర్పించాడు. కృష్ణుడు ఎడమచేతిలో మీగడ పెరుగు కలిపిన చద్దిముద్ద పెట్టుకుని, వేళ్ళ సందుల్లో ఊరగాయ ముక్కలు ఇరికించుకుని, గొల్లపిల్లల మధ్యన కూర్చుంటాడు. అప్పుడు,

సంగడీల నడుమఁ జక్కఁగఁ గూర్చుండి
నర్మభాషణముల నగవు నెఱపి

అని వస్తుంది. 'నగవు' అని పక్కనే ఉంది కదా. చద్దన్నం తినే పిల్లలకు ఆయన ఏం రహస్యాలు చెప్పాడు? టీచర్‌ని అడిగితే, "పేపర్లో రోజూ నర్మగర్భంగా అన్నారు, నర్మగర్భ వ్యాఖ్యలు అని చూస్తూనే ఉన్నాం కదమ్మా" అన్నారు. నేను నేర్పింది తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మైపాడు_అల
తప్పేం కాదక్కా. పద్యం పట్టుకెళ్ళి చూపించు. మార్కు కూడా అడుగు.

చీమకుర్తి_రాయి
ఇన్నాళ్ళూ నేనూ నర్మం అంటే గుట్టు అనే అనుకుంటున్నా. నర్మగర్భం అంటే గుట్టు కడుపులో పెట్టుకున్న మాట. మా ఆఫీసులో అందరూ అట్నే వాడతారు. కాదంటే ఎట్టా?

కావలి_పంతులు
పెన్నగట్టు గారూ, మీ నాన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైంది. అమరకోశం నాట్యవర్గంలో ఈ పాదం చూడండి.

ద్రవకేళిపరీహాసాః క్రీడా లీలా చ నర్మ చ

ద్రవం, కేళి, పరీహాసం, క్రీడ, లీల, నర్మం. అన్నీ ఆటకు, నవ్వులాటకు సంబంధించిన మాటలే. రహస్యం అనే వాసన కూడా లేదు. మా తాతగారి రోజుల్లో పిల్లలు ఏడెనిమిదేళ్ళకే దీన్ని వల్లె వేసేవాళ్ళు. నర్మదా నది పేరు కూడా ఇక్కడి నుంచే వచ్చింది, నర్మాన్ని ఇచ్చేది అని. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం తీసినా పరిహాసం అనే అర్థమే దొరుకుతుంది. వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్తే పాత నిఘంటువులు చేత్తో తిరగేసి చూసుకోవచ్చు.

ఒంగోలు_డెస్క్
పేపర్ల మీదికి వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. పద్నాలుగేళ్ళుగా డెస్కులో పనిచేస్తున్నా. 'నర్మగర్భం' నేనే ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒక నాయకుడు పైకి ఒకటి అని లోపల ఇంకొకటి సూచిస్తే, దాన్ని ఒక్క మాటలో చెప్పడానికి తెలుగులో ఇంతకన్నా సూటి మాట నాకు దొరకలేదు. చదివేవాళ్ళకు అర్థమవుతోంది. అర్థమయ్యే మాట తప్పెట్లా అవుతుంది?

మాటల అర్థాలు మారతాయి పంతులు గారూ. చీర అంటే ఒకప్పుడు ఎవరు కట్టుకునే బట్టైనా చీరే. ఇప్పుడు ఆడవాళ్ళదే. ఛాందసుడు అంటే వేదం చదువుకున్నవాడు. ఇప్పుడు ఎవరినైనా ఛాందసుడు అని చూడండి, తిట్టారనే అనుకుంటారు. నర్మం కూడా అంతే. ఆ టీచర్ ఇవాళ్టి తెలుగు చెప్పారు.

పెన్నగట్టు
డెస్క్ గారూ, చీర మారిందని నేనూ ఒప్పుకుంటా. కానీ పాత కావ్యంలో మగవాడు చీర కట్టుకున్నాడని ఉంటే, పిల్లలకు పట్టుచీర అని చెప్పం కదా. పోతన పద్యంలో మాటకు పోతన నాటి అర్థమే చెప్పాలి. నా బాధంతా అదే. ఒక్క మాట అటూఇటూ అయితే చద్దులు తినే పిల్లల బొమ్మ మొత్తం మారిపోతుంది. నవ్వుకుంటూ తినేవాళ్ళు గుసగుసలాడేవాళ్ళయిపోతారు.

దర్గామిట్ట_72
ఈ ఒక్క ముక్కకు నా ఓటు మీకే అమ్మా.

కనిగిరి_కుర్రోడు
డౌటు. 'నర్మసచివుడు' అని ఎక్కడో చదివా. రాజుగారి రహస్య మంత్రి అనుకున్నా. మరి అదేంది?

కావలి_పంతులు
చాలామంది అట్లాగే పొరపడతారు బాబూ. నర్మసచివుడికి రాజ్యంతో పనిలేదు. నాయకుడి సరదాల్లో, ప్రేమ వ్యవహారాల్లో తోడుండేవాడు. అలంకారశాస్త్రంలో పీఠమర్దుడు, విటుడు, చేటుడు, విదూషకుడు అని నలుగుర్ని చెబుతారు. వీళ్ళే నర్మసచివులు. నాయిక అలిగితే రాయబారం మోసేది, నాయకుడు దిగాలుగా ఉంటే నవ్వించేది వీళ్ళు. యుద్ధం గురించి మంత్రిని అడుగుతాడు రాజు. మనసులో బాధ నర్మసచివుడికి చెప్పుకుంటాడు.

చీమకుర్తి_రాయి
అంటే ఇప్పటి సినిమాల్లో హీరో పక్కన ఉండే ఫ్రెండు.

కావలి_పంతులు
అచ్చంగా వాడే.

అద్దంకి_వాణి
నాకు సంస్కృతం రాదు. మా అమ్మమ్మ నుంచి తెలిసింది చెబుతా.

మా వైపు నవ్వులాటకు వరస ఉండాలి. బావామరదళ్ళు, వదినా ఆడబిడ్డలు, తాతామనవరాళ్ళు, వియ్యపురాళ్ళు ఏమన్నా అనుకోవచ్చు. అదే మాట పెదనాన్నతోనో, మామగారితోనో అంటే ఇల్లు రణరంగమే. మా పిన్ని పెళ్ళిలో మగపెళ్ళివారు బంతికి కూర్చున్నారు. మా అమ్మమ్మ వియ్యపురాలి విస్తట్లో లడ్డూ వేసింది. ఆమె కొరికింది. లోపల ఉప్పుకల్లు. బంతి బంతంతా ఆమె మొహమే చూస్తోంది. ఆమె మెల్లగా నమిలి మింగేసి, "వదినా, మీ ఇంటి ఉప్పు తిన్నా, ఇక మీ పిల్లను ఏమీ అనలేను" అంది. మా అమ్మమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు వాళ్ళిద్దరూ ఎప్పుడు కలిసినా ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. పిన్నిని ఆమె ఒక్క మాట అన్నది మేం ఎరగం.

పంతులు గారు చెప్పిన నర్మం ఇదేనా అని నా అనుమానం. మా అమ్మమ్మ దీన్ని నర్మం అనలేదు. 'ఎకసక్కేలు' అనేది. "మా వదినతో ఎకసక్కేలాడకపోతే నాకు పొద్దుపోదు" అనేది.

మైపాడు_అల
ఉప్పు లడ్డూ మా ఇంట్లో కూడా జరిగింది. మావాళ్ళు మాత్రం అలిగి ఒక పూట భోజనం మానేశారు. మనిషిని బట్టి ఉంటుంది.

కనిగిరి_కుర్రోడు
జోక్ అంటే సరిపోదా? అందరికీ తెలిసిన మాట.

అద్దంకి_వాణి
సరిపోదు నాయనా. జోక్ ఎవరికైనా చెప్పొచ్చు. వాట్సాప్‌లో వంద మందికి పంపొచ్చు. ఆ ఉప్పు లడ్డూ ఎవరికి పంపుతావు? ఆ మాట ఆ ఇద్దరి మధ్యనే నవ్వు.

దర్గామిట్ట_72
వాణి గారు పెళ్ళి ఎత్తారు కాబట్టి ఒక సంగతి గుర్తొచ్చింది. అందరికీ తెలిసిన పద్యమే, శుక్రాచార్యుడు బలికి చెప్పేది.

వారిజాక్షులందు వైవాహికములందుఁ
బ్రాణవిత్తమానభంగమందుఁ
జకిత గోకులాగ్రజన్మ రక్షణమందు
బొంకవచ్చు నఘము వొంద దధిప!

ఎక్కడెక్కడ అబద్ధం ఆడొచ్చో చెప్పే జాబితా ఇది. సంస్కృత భాగవతంలో దీని మూలం 'స్త్రీషు నర్మవివాహే చ' అని మొదలవుతుంది. ఆడవాళ్ళ దగ్గర, నర్మంలో, పెళ్ళిలో అని. అంటే నవ్వులాటలో ఆడిన అబద్ధానికి పాపం లేదు. పోతన పద్యం మళ్ళీ చదవండి. నర్మం కనపడదు!

ఇంకా వెనక్కి పోదాం. భారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతితో ఇదే వాదన చేస్తుంది. వ్యాసుడి శ్లోకం మొదలే 'న నర్మయుక్తం వచనం హినస్తి'. నర్మంతో కూడిన మాట హాని చెయ్యదు అని. వ్యాసుడు అయిదు అబద్ధాలు లెక్కపెడితే అందులో మొట్టమొదటిది ఇదే. నన్నయ కూడా అయిదే లెక్కపెట్టాడు. ప్రాణం పోయేటప్పుడు, సర్వధనం పోయేటప్పుడు, చావు మీదికొచ్చిన విప్రుడి కోసం, స్త్రీ సంగమంలో, పెళ్ళిలో. నర్మం ఉండాల్సిన చోట విప్రుడు వచ్చి కూర్చున్నాడు.

ఇద్దరు మహాకవులూ ఒకే మాటను వదిలేశారు. నాకు చాలా ఏళ్ళుగా ఇది మనసులో మెదులుతూనే ఉంది.

మైపాడు_అల
ఛందస్సులో పట్టక వదిలేసి ఉంటారు.

దర్గామిట్ట_72
నర్మం రెండక్షరాల మాట. నన్నయకు పట్టకపోవడం అనేది లేదు తమ్ముడూ. నేను అనుకునేది ఇంకొకటి. తెలుగువాడికి వేళాకోళంలో ఆడింది అసలు అబద్ధమే కాదు. వదినకు ఉప్పు లడ్డూ పెట్టి మిఠాయి అంటే దాన్ని ఎవరు బొంకు అంటారు? బొంకు కానిదానికి మినహాయింపు ఎందుకు? ఇది నా ఊహ మాత్రమే.

కావలి_పంతులు
ఊహ బాగుంది, కానీ నేను ఒప్పుకోను. నన్నయ సభలో చెబుతున్న కథ అది. ధర్మం చెప్పేచోట విప్రరక్షణకు ఉన్న బరువు పరిహాసానికి లేదనుకుని ఉంటాడు. నర్మాన్ని తక్కువ చూశాడనే నా బాధ.

పొదలకూరు_నిమ్మ
అన్నీ గోదావరి, ఓరుగల్లు కవుల మాటలే అయిపోతున్నాయి. మన పెన్న ఒడ్డున, మనుమసిద్ధి కొలువులో ఉండి పదిహేను పర్వాలు రాసిన తిక్కనను ఎవరూ ఎత్తరేంది?

ఆయన మొదలుపెట్టిందే విరాటపర్వంతో. అది నిండా నర్మమే. సంస్కృత మూలంలో బృహన్నల యుద్ధానికి బయల్దేరేచోట 'నర్మసంయుక్తం' అని వ్యాసుడు మాట పెట్టి మరీ చెప్పాడు. అర్జునుడికి కవచం తొడుక్కోవడం తెలియదా? తెలిసీ, ఉత్తర చూస్తుండగా దాన్ని తలకిందులుగా పట్టుకుంటాడు. ఆడపిల్లలు పకపకా నవ్వుతారు. మా బొమ్మలకు కట్టడానికి కౌరవుల బట్టలు తెచ్చిపెట్టమని అడుగుతారు. ఏడాదంతా ఆట నేర్పిన పిల్లల్ని, యుద్ధానికి పోతూ కూడా భయపడనివ్వకుండా నవ్వించి పోయాడు. అక్కడ నాకు ఎప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది.

పెన్నగట్టు
నిమ్మ గారూ, ఇది నాకు తెలియదు. ఈ రాత్రికి పాపకు చెబుతా.

చీమకుర్తి_రాయి
సరే, నర్మం అంటే నవ్వులాట. ఒప్పుకున్నా. మరి నర్మగర్భం ఎక్కడిది? పేపరోళ్ళు పుట్టించిందేనా?

కావలి_పంతులు
దానికి జవాబు చెబితే నేను ఇప్పటిదాకా వాదించింది కొంచెం వెనక్కి పోతుంది. అయినా తెలిసింది దాచకూడదు.

నర్మగర్భం కొత్త మాట కాదు. నాట్యశాస్త్రంలో కైశికీ వృత్తి అని ఒకటి ఉంది. శృంగారానికి, సుకుమారమైన వ్యవహారానికి తగిన నడక. దానికి నాలుగు అంగాలు చెప్పారు. అందులో మొదటిది నర్మం, చివరిది నర్మగర్భం. పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో దీనికి లక్షణం ఇట్లా చెప్పాడు.

ఛన్ననేతృప్రతీచారో నర్మగర్భోఽర్థహేతవే

నాయకుడు తానెవరో తెలియనీకుండా, ఒక పని సాధించడం కోసం మెలగడం నర్మగర్భం. దాపరికం ఉంది. లోపల ఒక ఉద్దేశమూ ఉంది. డెస్క్ గారు రాసే అర్థానికి ఇది మరీ దూరమేం కాదు. ఆయన వాడుక నేను అనుకున్నంత అడ్డగోలుది కాదు.

కానీ నర్మం ఒక్కదానికీ అదే ధనంజయుడు చెప్పింది కూడా వినండి. 'వైదగ్ధ్యక్రీడితం నర్మ ప్రియోపచ్ఛందనాత్మకమ్'. నేర్పుగా ఆడే ఆట, ఇష్టమైన మనిషిని మెప్పించేది. ఇందులో ఎక్కడా గుట్టు లేదు. కాబట్టి నర్మభాషణానికి రహస్యం అనే అర్థం ఏ రకంగానూ రాదు. పాప రాసిందే ఒప్పు.

ఒంగోలు_డెస్క్
పంతులు గారూ, మీరు ఈ శ్లోకం తెచ్చినందుకు దండం పెడుతున్నా. నాకు ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది. ఒక మాట ఒప్పుకుంటా. మేం రాసే వార్తల్లో 'ఇష్టమైన మనిషి' అనే ముక్క ఎక్కడా లేదు. ఒకరినొకరు గిట్టనివాళ్ళు దెప్పుకుంటుంటే దానికి నర్మగర్భం అంటున్నాం.

పొదలకూరు_నిమ్మ
పంతులు గారి శ్లోకం చదవగానే నాకు నర్తనశాల కళ్ళకు కట్టింది. చీకట్లో సైరంధ్రి చోట భీముడు పడుకుని ఉన్నాడు. దాగి ఉన్న నాయకుడు, సాధించాల్సిన పని. కీచకుడు సింగారించుకుని వచ్చి మీద చెయ్యివేసి, నా అంత అందగాడు లేడని ఆడవాళ్ళే అంటారు అని గొప్పలు పోతాడు. భీముడు వెంటనే లేచి కొట్టడు. నువ్వు అందగాడివి కావడం మంచిదే, నిన్ను నువ్వు పొగుడుకోవడమూ మంచిదే, కానీ ఇట్లాంటి స్పర్శ ఇదివరకు నువ్వెప్పుడూ ఎరిగి ఉండవు అంటాడు. ప్రతి మాటా నిజం. శృంగారం అనుకుని వచ్చినవాడికి చావు వినపడాలి. ఇంతకన్నా నర్మగర్భం ఏముంది?

దర్గామిట్ట_72
కీచకుడు ఇష్టమైన మనిషి కాదుగా నిమ్మా. శాస్త్రం ప్రకారం అది కైశికిలో పట్టదు.

పొదలకూరు_నిమ్మ
శాస్త్రానికి పట్టకపోతే పోనీ అన్నా. పక్కన ద్రౌపది ఉంది, వింటోంది. ఆ మాట ఆమెకు ఇష్టంగానే ఉంటుంది.

దర్గామిట్ట_72
ఈ దెబ్బకు నేను ఒప్పుకుంటున్నా.

ఇంకొకటి ఉంది. వాణి గారి అమ్మమ్మ మాట దగ్గర ఆగిపోయా నిన్న రాత్రి. దశమస్కంధంలో కృష్ణుడు రుక్మిణిని ఏడిపించే ఘట్టం అందరికీ తెలుసు. నీకు నేనేం తగుతాను, ఇంకో రాజును చూసుకో అంటాడు. ఆమె నిజమనుకుని మూర్ఛపోతుంది. ఆయన కంగారుపడి లేవనెత్తి, నీ మాట విందామనే అట్లా అన్నా అని బుజ్జగిస్తాడు. అక్కడ సంస్కృతంలో ఒక శ్లోకం.

అయం హి పరమో లాభో గృహేషు గృహమేధినామ్
యన్నర్మైరీయతే యామః ప్రియయా భీరు భామిని

ప్రియురాలితో నర్మాలాడుకుంటూ పొద్దు గడపడమే సంసారులకు ఇళ్ళల్లో దొరికే గొప్ప లాభం. ఇక్కడ పోతన ఏం చేశాడో చూద్దామని పుస్తకం తీశా. 'కింకలు ముద్దుపల్కులును' అని మొదలయ్యే ఉత్పలమాల. రెండో పాదం ఇది.

జంకెలు తేఱిచూపు లెకసక్కెములున్ నెలవంక బొమ్మలున్

ఎకసక్కెములు! వ్యాసుడు నర్మం అన్నచోట పోతనకు వచ్చిన మాట అద్దంకిలో అమ్మమ్మ అన్నదే.

అద్దంకి_వాణి
ఇది రెండుసార్లు చదివాను. నిజంగా పోతనలో ఉందా? మా అమ్మమ్మకు చదువు రాదు. ఆ మాట పల్లెటూరి మాట అని మేం పిల్లల ముందు అనడం మానేశాం.

కావలి_పంతులు
ఉందమ్మా. దర్గామిట్ట గారు చెప్పింది సరైందే. నేను ఆ పద్యం ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను, మూలంలో నర్మం దగ్గర పెట్టి ఎప్పుడూ చూడలేదు.

కనిగిరి_కుర్రోడు
మా నాయన నన్ను "ఏందిరా ఎకసక్కేలు" అంటే కోపంగా ఉన్నట్టే లెక్క. ప్రేమ ఏం కనపడదు.

అద్దంకి_వాణి
ఇప్పుడు అట్లాగే అయింది. ఎగతాళి అనే అర్థంలోనే అంటున్నారు. మా అమ్మమ్మ నోట్లో అది కోపం మాట కాదు. వదిన వస్తుందంటే పొద్దున్నే లేచి తలంటు పోసుకుని కూర్చునేది, ఎకసక్కేలాడటానికి.

ఒంగోలు_డెస్క్
ఆ టీచర్ కూడా మా పేపర్లు చదివే ఆ అర్థం రాశారు. కాబట్టి అందులో నా వంతు కూడా ఉంది. 'నర్మగర్భం' పూర్తిగా మానేస్తానని అనను, పంతులు గారి శ్లోకం నాకు అండగా ఉంది. కానీ ఊరికే దెప్పిపొడిచిన చోట దెప్పిపొడిచారనే రాస్తా.

పెన్నగట్టు
ఇవాళ స్కూలుకు వెళ్ళొచ్చా. పద్యం, అమరం పాదం, దశరూపకం ముక్క కాగితం మీద రాసి తీసుకెళ్ళా. టీచర్ చిన్నమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఓపిగ్గా చదివింది. మార్కు వేసింది. పాపకే కాదు, పరిహాసం అని రాసిన ఇంకో అబ్బాయికి కూడా. ఆ కాగితం తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగితే ఇచ్చేశా.

సాయంత్రం ఇంటికి రాగానే పాపకు కవచం తలకిందులుగా తొడుక్కున్న సంగతి చెప్పా. మధ్యలోనే అడిగింది, "అమ్మా, ఉత్తరకు తెలుసా, ఆయన కావాలనే అట్లా చేస్తున్నాడని?"

నిమ్మ గారూ, దీనికి మీరే జవాబు చెప్పాలి.

పొదలకూరు_నిమ్మ
అప్పటికి తెలియదమ్మా. ఆయన యుద్ధం గెలిచి బట్టలు తెచ్చిచ్చాక తెలిసి ఉంటుంది.